తురుఫు లేని ఆటలో మొదటి పత్తా

నాకు ఇంగ్లిషులో వచ్చేవి నాలుగే అక్షరాలు. ఏ అంటే ఆసు, కె అంటే రాజు, క్యూ అంటే రాణి, జె అంటే జాకీ. పేక పత్తాల మీద చూసి నేర్చుకున్నవే. తెలుగులో సంతకం చేస్తాను, బస్సు మీద చేవెళ్ల అని ఉన్నదో మొయినాబాద్ అని ఉన్నదో పోల్చుకుంటాను. అంతకు మించి చదువు లేదు. నేను చెబుతుంటే మేడం రాస్తున్నారు. నా మాటను పుస్తకం మాట చేసి రాస్తారట. సరే, మీ ఇష్టం, ఎదుటివాళ్లు అన్నవి మాత్రం అన్నట్టే రాయండి అని చెప్పాను.

మేడం అంటే నేను వంట చేసే ఫాంహౌజు మేడం. మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే రోడ్డుకు లోపలగా ఉంటుంది ఇల్లు. సారు ఇంజినీరు, మేడం కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ఇద్దరూ రిటైరయ్యాక ఇక్కడికొచ్చారు. మా ఆయన వాళ్లకు డ్రైవరు, తోట పని కూడా ఆయనదే. వెనకున్న రెండు గదుల్లో మేముండేవాళ్లం. మాకు పిల్లల్లేరు.

ఆదివారం అన్నాలయ్యాక వరండాలో బ్రిడ్జి ఆట. నలుగురుండాలి, ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు ఒక జట్టు. సారు, మేడం ఇద్దరు. మూడో ఆవిడ పక్క తోట ఆమె. ప్లాస్టిక్ షెడ్లలో గులాబీలు పెంచుతారు వాళ్లు. పెద్ద భూములున్న ఇల్లు, ఆమె భర్త బయట తిరిగినన్ని రోజులు మండలంలో ఆయన మాట నడిచేది. ఇప్పుడు కొడుకు తిరుగుతున్నాడు. భర్త బతికే ఉన్నాడు, కాలు సరిగా లేక ఇంట్లోనే ఉంటాడు. ఆమెను నేను తోటమ్మ అని చెబుతాను. పట్నంలో క్లబ్బుకు పోయి నేర్చుకున్నదట ఈ ఆట. నాలుగో ఆయన గండిపేట నుంచి కారులో వచ్చేవారు. మోకాళ్లు పట్టేసి రావడం మానేస్తే, సారు మా ఆయన్ను కూర్చోబెట్టారు.

మా ఆయన చిన్నప్పటి నుంచి పత్తాలాడినవాడే. కానీ ఊరి ఆట వేరు. చేతిలో ఆసు ఉంటే ఆగేవాడు కాదు, మొదటి దెబ్బకే విసిరేవాడు. సారు నెత్తి పట్టుకునేవారు.

"అరె, ఆసు యాడికి పోతది? నీ చేతిలనే ఉంటది. ఇప్పుడే కొడితే మళ్ల ఎట్ల లోపలికొస్తవ్?"

"ఏమో సార్. చేతిల పెట్టుకుంటే దురద పెడ్తది."

నేను చాయ్ కప్పులు పట్టుకుని ఆయన కుర్చీ వెనక నిలబడి చూసేదాన్ని. ఏండ్లు చూశాను. కూర్చున్నవాడికంటే నిలబడినదానికి ఆట ముందు వచ్చింది, అది ఆయనకు తెలియదు.

పోయిన ఏడు ఎండాకాలం చివర ఒక పొద్దున బెండకాయలు కోస్తున్నాను. ఆయన మోటరు వేసి వచ్చి గడపలో కూర్చున్నాడు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని, జర నీళ్లియ్యి అన్నాడు. సారు కారు తీశారు. చేవెళ్ల దవాఖానకు పోయేలోపే అయిపోయింది. ఇంటికి తెచ్చాక చూస్తే పీట మీద సగం కోసిన బెండకాయలు అట్లనే ఉన్నాయి. మిగతావి కూడా కోశాను. మా తోడికోడలు చూసి, ఇప్పుడెందుకు కోస్తున్నవక్కా అన్నది. సగం కోసి ఉన్నాయి కదా అన్నాను. నాకు అంతకంటే ఏమీ తోచలేదు. ఇప్పుడు కూడా అడిగితే అదే చెబుతాను.

అక్కడి నుంచి సురంగల్ పోయాను, అత్తగారి ఊరు. నెల రోజులకు వాన పడింది, పత్తి గింజలు పెట్టే పని వచ్చింది. మా ఆయన వాటా ఎకరం ఉన్నది అక్కడ. సంచీ విప్పి నేను చెయ్యి పెట్టబోతే మరిది అన్నాడు, "వదినా, జర ఆగు. మొదలు ఆమె పెడ్తది. ఎనక నువ్వు పెట్టు." ఆమె అంటే తోడికోడలు. మంచిగానే అన్నాడు, గదమాయించలేదు. మా దిక్కు అంతే. మొగుడు లేనిది మొదటి గింజ పెట్టదు, మొదటి పువ్వు కోయదు, ఎవరైనా పని మీద బయలుదేరితే ఎదురు పోదు. నేను కూడా మా పెద్దమ్మను అట్లనే ఆపినదాన్ని ఒకప్పుడు. గట్టు మీద నిలబడ్డాను. ఆమె మూడు గింజలు పెట్టాక దిగాను. బాధేమీ కాలేదు. చెయ్యి నాది కాదన్నట్టు ఉన్నది, అంతే.

పీర్ల పండుగ వెళ్లాక మేడం ఫోన్ చేశారు, వంటకు మనిషి కుదరలేదని. వచ్చాను. అప్పటికి ఆట ఆగిపోయి ఉన్నది. సారు ఒక్కరే బల్ల మీద పత్తాలు పరుచుకుని చూసుకుంటూ ఉండేవారు. ఒక ఆదివారం వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"చేతులు కడుక్కొని రా. కూసో."

"నాకేం వస్తది సార్?"

"మీ ఆయన తప్పు పత్తా తీసినప్పుడల్లా వెనక నువ్వు నాలుక కరుచుకునేటిదానివి. నేను ఎదురుంగనే ఉంటుంటి గద. అన్నీ చూసిన."

అట్లా ఆయన కుర్చీలో కూర్చున్నాను. సారు నా ఎదురు, నా జట్టు. నా కుడి చేతి పక్క తోటమ్మ, ఎడమ చేతి పక్క మేడం. వాళ్లిద్దరూ ఒక జట్టు.

దసరా ముందు మరిది ఫోన్ చేశాడు, వచ్చి తీసుకుపోతానని. ఒక్కదానివి ఆ గదుల్లో ఏం చేస్తావు, మా ఇంట్లో ఒక మూల ఉందువు గానీ అన్నాడు. ఫోన్ మేడం తీసుకున్నారు. "ఆమె పోతే మేం ముగ్గురమే మిగుల్తం" అన్నారు. అవతల మరిదికి అర్థమై ఉండదు. నాకు అర్థమైంది. వంట మనిషి ఇంకొకరు దొరుకుతారు, నాలుగో చెయ్యి దొరకదు. ఆ కుర్చీ ఉన్నన్ని రోజులు నేనిక్కడ ఉంటాను, అది పోయిన రోజు సురంగల్‌లో మూలకు పోతాను. సంతోషమూ లేదు, భయమూ లేదు. లెక్క మాత్రం అది.

ఇప్పుడు ఆట సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే తోటమ్మ చేసింది తెలియదు. నాలుగు పత్తాలు పడితే ఒక పట్టు, అది తీసినవాళ్లే తర్వాతి పత్తా ముందు వేస్తారు, దాన్నే లోపలికి రావడం అంటారు. ఆట మొదలుకు ముందు ఎన్ని పట్లు తీస్తామో, ఏ రంగు తురుఫో పలుకుతారు. తురుఫు అంటే మిగతా రంగులను కోసే రంగు. తురుఫు లేకుండా కూడా పలకవచ్చు, అప్పుడు ఎవరూ ఎవరినీ కోయలేరు. ఎక్కువ పలికిన జట్టులో ఆ మాట ఎవరు ముందు అంటే వాళ్లు ఆడాలి. వాళ్ల ఎడమ చేతి పక్కనున్న మనిషి మొదటి పత్తా వేయాలి. అది ఆటకు కట్టుబాటు, ఇంకెవరూ వేయకూడదు.

తోటమ్మకు ఎడమ చేతి పక్క నేను.

మొదట్లో నేను గమనించలేదు. గమనించింది మేడమే, లెక్కల మనిషి కదా. ఒకరోజు ఆట అయ్యాక పత్తాలు తిరగేసి చూసి అన్నారు, "ఇన్ని రాజులు, ఆసులు పెట్టుకొని మీరు కళావరు ఎందుకు పలికిండ్రు? తురుఫు లేకుండా ఒకటి అనాలె గద?"

"మీరంటరని చూసిన" అన్నది తోటమ్మ.

"నా చేతిల ఏమున్నదని అంట?"

"ఏమో. అంటరేమో అనుకున్న."

మళ్లీ వారం అదే. తన చేతిలో ఎంత మంచి పత్తాలున్నా తిప్పి తిప్పి మేడం నోట అనిపించేది. మేడం ఆడితే మొదటి పత్తా వేసేది సారు కదా. తాను ఆడితే నేను. మూడు నెలలు ఆమె అట్లా ఓడిపోతూనే ఆడింది. కుర్చీ మార్చమని అడగలేదు, నన్ను ఏమీ అనలేదు. నోటితో అంటే బాగుండదని ఆమెకు తెలుసు. సారు మాత్రం, "ఈమెగారికి ముసలితనమొచ్చింది, ఆట మర్చిపోతున్నది" అని నవ్వేవారు. ఆమె, "మీకొచ్చింది ముసలితనం. నిన్న కండ్లద్దాలు నెత్తిన పెట్టుకొని కండ్లద్దాల కోసం ఇల్లంత తిరిగిండ్రట, మేడం చెప్పిండ్రు" అనేది.

సర్పంచ్ ఎలక్షన్లు వచ్చాయి. తోటమ్మ కొడుకు నిలబడుతున్నాడని ఊరంతా తెలిసింది. నామినేషన్ సోమవారం. ముందు రోజు ఆదివారం. ఆమె ఆ రోజు వరండాలోకి పోకుండా ముందు వంటింట్లోకి వచ్చింది. ఎప్పుడూ రాదు. గట్టుకు ఆనుకుని నిలబడింది.

"ఏం వండినవే?"

"పప్పుచారమ్మ. కాకరకాయ."

"పని మస్తున్నట్టున్నది ఇయ్యాల నీకు."

"అయిపోయిందమ్మ."

"గిన్నెలున్నయి గద ఇంక."

"తోమిన."

కొంచెంసేపు నా మొఖం చూసింది. కోపంగా కాదు. ఆమె కూడా ఇబ్బంది పడుతున్నది. "రేపు పిలగాడు పేపర్లు ఏస్తుండు. నీకెరుకే గద" అన్నది.

"ఎరుకే అమ్మ. ఒద్దంటే కూసోను."

"నేనేమన్న అన్ననా?" అన్నది గట్టిగా. "నేను ఒద్దన్ననా? సారు పిలిస్తే కూసో."

సారు పిలిచారు. కూర్చున్నాను.

మూడు నాలుగు ఆటలు మామూలుగా పోయాయి. తోటమ్మ జాగ్రత్తగా పలుకుతున్నది. తర్వాత ఒకటి మేడం పంచారు. పంచినవాళ్లు ముందు పలకాలి. మేడం వద్దన్నారు, అంటే పలకనని. సారు వద్దన్నారు. తోటమ్మ వంతు. ఆమె పత్తాలు విసనకర్రలా పట్టుకుని చూస్తున్నది. చూస్తుంటే ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అంత మంచి చెయ్యి వచ్చినప్పుడు ఎవరికైనా అట్లనే అవుతుంది. తర్వాత మేడం అడిగితే చెప్పింది, ఒక్క నిమిషం అన్నీ మర్చిపోయానని. "తురుఫు లేకుండా ఒకటి" అన్నది.

నేను వద్దన్నాను. మేడం ఆలస్యం చేయలేదు. "తురుఫు లేకుండా మూడు."

మూడు అంటే ఆరు మీద మూడు, పదమూడింటిలో తొమ్మిది పట్లు తీయాలి. సారు మళ్లీ వద్దన్నారు. అప్పుడు తోటమ్మ తలెత్తి నా దిక్కు చూసింది. ఏం చేసిందో తెలిసింది ఆమెకు.

"సారూ, మీరెయ్యుండ్రి మొదటి పత్తా" అన్నది.

సారు నవ్వారు. "నేనెందుకేస్త? నా వంతు కాదు."

"ఏమైతది, ఒక్కపారి."

"ఒక్కపారి కాదు, అరపారి కూడ కుదరదు. ఆట అంటే ఆటనే."

మేడం సారు కాలు బల్ల కింద తన్నారు. సారుకు అర్థం కాలేదు. "ఏంది?" అన్నారు.

నా చేతిలో ఉన్నవి చెబుతాను. ఇస్పేటులో రాజు, పది, ఎనిమిది, ఐదు, రెండు. ఆఠీనులో రెండు చిల్లర పత్తాలు. కళావరులో మూడు చిల్లర. డైమనులో ఆసు, ఏడు, మూడు. అంత మంచి చెయ్యి కాదు.

సారు నేర్పింది ఇది. తురుఫు లేని ఆటలో ఎదుటివాళ్లను నువ్వు మొదటి దెబ్బకు ఓడించలేవు. నీకు పొడుగున్న రంగు చూసుకో, అందులో పైనుంచి నాలుగో పత్తా వేయి. అది చూసి ఎదురున్న నీ జట్టుమనిషి నీ పైన ఏమున్నాయో లెక్క కట్టుకుంటాడు. ఆసు దాచుకో. ఆ రంగులో వాళ్ల పెద్ద పత్తాలు అయిపోయాక, ఆ ఆసుతో లోపలికొచ్చి నీ చిల్లర పత్తాలన్నీ కొట్టుకో. కోసేవాళ్లు లేరు కాబట్టి ఎంత చిన్నదైనా అప్పుడు గెలుస్తుంది.

అట్లయితే ఇస్పేటు ఐదు.

కానీ ఆసు కూడా చేతిలో ఉన్నది. డైమను ఆసు తీసి కొడితే ఏమవుతుందో కూడా తెలుసు. ఆ పట్టు నాకు వస్తుంది, ఆ తర్వాత నాకు లోపలికొచ్చే దారి ఉండదు. ఆమె తన తొమ్మిది తీసుకుంటుంది, నవ్వుకుంటూ ఇంటికి పోతుంది, రేపు కొడుకుకు బొట్టు పెట్టి పంపుతుంది. మొదలు ముండమోపి చెయ్యి పడ్డా మంచే జరిగిందని అనుకుంటుంది. మా ఆయన వేసేవాడు కదా ఆసు, మొగుడి బుద్ధి వచ్చిందని సారు కూడా తిట్టి ఊరుకుంటారు. ఎవరికీ ఏమీ తెలియదు. ఆసు మీద వేలు పెట్టాను. దాన్ని సగం పైకి తీశాను కూడా.

నేను ఐదు వేసి, ఆమె ఓడిపోతే, ఇక ఈ బల్ల దగ్గరికి రాదు. ఆమె రాకపోతే ముగ్గురమే. అప్పుడు నా కుర్చీ లేదు.

ఆసు వేసినా కుర్చీ లేదు. అది నాకు ఆ నిమిషంలో తోచింది. ఎవరి మంచి కోసమో కావాలని తప్పు పత్తా వేయడానికి నేనెందుకు, ఎవరినైనా కూర్చోబెట్టవచ్చు. సారు నన్ను పిలిచింది ఎందుకంటే నేను తప్పు చూసి నాలుక కరుచుకున్నాను కాబట్టి. ధైర్యం చేశానని చెప్పను. ఉప్పు డబ్బా ఎక్కడుంటే అక్కడికి చెయ్యి పోయినట్టు పోయింది.

ఇస్పేటు ఐదు వేశాను.

మేడం తన పత్తాలు బల్ల మీద పరిచారు, ఆడేవాళ్ల జట్టుమనిషి అట్లా పరచాలి. ఇస్పేటులో జాకీ, మూడు ఉన్నాయి. డైమనులో రాజు, రాణి, జాకీ, ఇంకా చిల్లర. ఆ డైమన్ల మీదనే తోటమ్మ ఆట అంతా. ముందు బల్ల మీది ఇస్పేటు మూడు వేయించింది. సారు ఇస్పేటు రాణి వేశారు. తోటమ్మ ఆసుతో తీసుకున్నది. తర్వాత డైమను ఆడింది, ఆడక తప్పదు ఆమెకు. నా ఆసు అప్పుడు వేశాను.

లోపలికొచ్చాను కదా, ఇస్పేటు రాజు. జాకీ దాని కింద పడిపోయింది. ఇస్పేటు పది. ఆమె దగ్గర ఆఖరు ఇస్పేటు పోయింది. ఎనిమిది. ఎవరి దగ్గరా ఇస్పేటు లేదు. చివరికి రెండు. పత్తాలన్నిటిలో అంతకంటే చిన్నది లేదు. తోటమ్మ దాని కింద ఒక మంచి పత్తా పారేసుకోవలసి వచ్చింది.

అయిదు పట్లు మావి. ఆమెకు ఎనిమిదే మిగిలాయి. ఒక్కటి తక్కువ.

"రెండుతోటి కొట్టింది సూడు!" అని సారు బల్ల గుద్దారు. "రెండుతోటి!"

తోటమ్మ పత్తాలు కింద పెట్టి నన్నే చూస్తున్నది. "ఆసు మీద చెయ్యి పెట్టినవ్. నేను చూసిన. తీసి మళ్ల ఎందుకు లోపల పెట్టినవ్?"

"ఏస్తే మీరు గెలుస్తుండిరమ్మ."

"గెలవనియ్యొద్దా మరి? రేపు నా కొడుకు..." అని ఆగింది.

"ఎరుకే అమ్మ."

"ఎరుకుండి ఏసినవ్?"

"ఎరుకుండే ఏసిన. ఆట గద."

సారు అప్పటికి అర్థం చేసుకున్నారు. నవ్వు ఆగిపోయింది. తోటమ్మ చాయ్ తాగకుండానే లేచింది. చెప్పులు వేసుకుని, వెనక్కి చూడకుండా గేటు దాటింది. ఆమె కోసం పోసిన చాయ్ సింకులో పారబోశాను. మేడం వచ్చి, "ఏం ఫికర్ చెయ్యకు" అన్నారు. నేను ఫికర్ చేయడం లేదని చెప్పాను. నమ్మలేదు. నిజంగా చేయడం లేదు. మరిది నంబరు ఫోన్లో ఎక్కడున్నదో మాత్రం చూసుకున్నాను.

సోమవారం డప్పులతో బండ్లు రోడ్డు మీద పోయాయి. నేను బట్టలు ఆరేస్తున్నాను. చప్పుడు వినగానే గోడ చాటుకు జరిగాను, ఎదురు రావద్దని. జరిగాక తెలిసింది జరిగానని. పేపర్లు తీసుకున్నారట, ఏ అడ్డూ రాలేదట, పాలవాడు చెప్పాడు. ఆ తర్వాత అతను గెలిచాడా ఓడాడా అనేది దీనికి సంబంధం లేని సంగతి.

వారం గడిచింది. ఆదివారం అన్నాలయ్యాక వరండాలో మూడే కుర్చీలు వేశాను. సారు, మేడం కాసేపు మాట్లాడుకుంటారు, ఎవరైనా వస్తే ఇంకొకటి అని. బల్ల మీద పత్తాలు పెట్టలేదు. లోపల బియ్యం ఏరుతుంటే గేటు చప్పుడైంది.

"ఏమే, మూడు కుర్చీలే ఏసినవేంది? ఒకరు నిలబడి ఆడాల్నా?"

తోటమ్మ. నేను నాలుగోది తెచ్చాను. ఆమె తన ఎప్పటి కుర్చీలో కూర్చోలేదు. సారు కుర్చీ పట్టుకుని నిలబడింది.

"సారూ, మీరు లేవుండ్రి. ఈడ నేను కూసుంట, దీనెదురుంగ. మీరు మొగుడు పెండ్లాలు ఒక జట్టు ఉండుండ్రి. ఎట్లుంటదో సూస్తం."

"ఎందుకట్ల?" అన్నారు సారు.

"మొదటి పత్తా ఎట్లనన్న దీని చేతికే వస్తున్నది. నా దిక్కు ఏస్తే నాకేం నష్టం?"

సారు గట్టిగా నవ్వారు. మేడం నవ్వలేదు, ఇది రాసేటప్పుడు కూడా నవ్వలేదు. తోటమ్మ నన్ను ఒప్పుకున్నదో, లేక తన మీద పడకుండా దారి వెతుక్కున్నదో నాకు తెలియదు. అడగలేదు. చేతులు తుడుచుకుని నా కుర్చీలో కూర్చున్నాను.

మొదటి ఆటే సారు తురుఫు లేకుండా పలికారు. ఇప్పుడు సారు నా కుడి చేతి పక్క ఉన్నారు. మొదటి పత్తా నాది. పొడుగున్నది కళావరు, పైనుంచి లెక్కపెట్టుకుంటున్నాను. ఎదురుగా తోటమ్మ పత్తాలతో బల్ల మీద కొట్టింది.

"ఎయ్యవే, ఎంతసేపు? నువ్వేస్తేనే గద మేమేసేది."

నాలుగోది ఏడు. వేశాను.